నమ్మిన ప్రోగ్రామును యాంటీవైరస్ అనుమానించినప్పుడు

వైరస్ లేని ఫైలులో వైరస్ ఉన్నదని యాంటీవైరస్ ప్రోగ్రాము ప్రకటించడాన్ని కంప్యూటర్ పరిభాషలో ఫాల్స్ పాజిటివ్ అంటారు. తెలుగులో దానిని తప్పుడు హెచ్చరిక అనవచ్చు. కోవిడ్ పరీక్షల కాలంలో ఈ మాట తెలుగువారి ఇళ్లలోకి కూడా వచ్చింది కనుక, జబ్బు లేని మనిషికి జబ్బు ఉన్నదని పరీక్ష తేల్చడం ఎటువంటిదో ఇదీ అటువంటిదేనని చెబితే చాలామందికి వెంటనే బోధపడుతుంది. దీనికి ఎదురుగా, వైరస్ ఉన్న ఫైలును మంచిదని వదిలివేయడం ఫాల్స్ నెగెటివ్. ఈ రెండవదే ప్రమాదకరమని తోచడం సహజమే గాని, మొదటిది కూడా తేలికగా తీసుకోవలసినది కాదు. అది ఒక్కోసారి కంప్యూటరునే పడగొడుతుంది, నిజాయితీగా ప్రోగ్రాములు రాసుకొనే చిన్న రచయిత పరువు తీస్తుంది, అన్నింటికన్నా ముఖ్యంగా, హెచ్చరిక కనబడిన ప్రతిసారీ ‘ఇది మామూలే’ అని మూసివేసే అలవాటును మనుషులకు నేర్పుతుంది. ఏళ్ల తరబడి వాడుతున్న ప్రోగ్రాము మీద హఠాత్తుగా ఎర్ర గుర్తు పడినప్పుడు భయపడి ఆ ఫైలును చెరిపివేయడం ఒక తొందరపాటయితే, తెలిసిన ప్రోగ్రామే కదా అని హెచ్చరికను తోసివేయడం మరొక తొందరపాటు. ఈ రెండింటి ఫలితాలూ కంప్యూటర్ చరిత్రలో నమోదై ఉన్నాయి.

యాంటీవైరస్ ఎందుకు పొరబడుతుందో తెలియాలంటే అది ఎలా నిర్ణయిస్తుందో ముందు తెలియాలి. అన్నింటికన్నా పాత పద్ధతి సిగ్నేచర్ పద్ధతి. పట్టుబడిన ప్రతి వైరస్‌లోనూ దానికే ప్రత్యేకమైన ఒక బైట్ల వరుసను, అంటే యంత్రం చదివే సంకేతాల వరుసను, విశ్లేషకులు ఎంచి, పోలీసులు వేలిముద్రలు భద్రపరచినట్టుగా ఒక జాబితాలో భద్రపరుస్తారు. యాంటీవైరస్ కంప్యూటరులోని ప్రతి ఫైలునూ ఆ జాబితాతో సరిపోల్చి, ముద్ర కలిసిన చోట హెచ్చరిక ఇస్తుంది. ఈ పద్ధతిలో పొరపాట్లు తక్కువ, కాని నిన్నటి దొంగను మాత్రమే ఇది పట్టగలదు. వైరస్‌లు రాసేవారు రోజుకొక వేషం మార్చడం మొదలుపెట్టిన తరువాత ఒక్కొక్క వైరస్‌కు ఒక్కొక్క ముద్ర సరిపోక, ఒక కుటుంబానికంతటికీ వర్తించే సాధారణ ముద్రలు, వాటి తరువాత హ్యూరిస్టిక్ పద్ధతి, అంటే లక్షణాలను బట్టి ఊహించే పద్ధతి, ఆ తరువాత ప్రోగ్రాము నడుస్తూ ఉండగా దాని ప్రవర్తనను కనిపెట్టే పద్ధతి, ఇటీవలి కాలంలో లక్షల ఫైళ్లను చూపించి యంత్రానికే మంచిచెడులు నేర్పే మెషీన్ లెర్నింగ్ పద్ధతి వచ్చి చేరాయి. వీటికి తోడు, ఒక ఫైలు ప్రపంచంలో ఎన్ని కంప్యూటర్లలో ఉన్నది, ఎన్నాళ్లుగా ఉన్నది అన్న లెక్కను బట్టి దానికి మంచి పేరో చెడ్డ పేరో కట్టే పద్ధతి కూడా ఉన్నది. ముద్రను పోల్చడం నుంచి పోలికను అంచనా కట్టడానికి ఈ రంగం జరిగిన కొద్దీ కొత్త వైరస్‌లు ఎక్కువగా దొరుకుతున్నాయి, అమాయకులు కూడా ఎక్కువగా దొరుకుతున్నారు.

ఈ పొరపాటు ఏదో ఒక కంపెనీ అసమర్థత వల్ల పుట్టేది కాదని, మూలంలోనే ఉన్నదని 1980లలోనే తేలింది. కంప్యూటర్ వైరస్‌ల మీద తొలి శాస్త్రీయ పరిశోధనలు చేసిన అమెరికన్ పరిశోధకుడు ఫ్రెడ్ కోహెన్, ఏ ప్రోగ్రాము వైరస్సో ఏది కాదో ఎన్నడూ తప్పకుండా తేల్చగల యంత్రాన్ని నిర్మించడం అసాధ్యమని 1984 నాటి తన పత్రంలో తార్కికంగా నిరూపించాడు. ఆ వాదం సారాంశం సామాన్య పాఠకుడికి కూడా అందుతుంది. అటువంటి యంత్రం ఒకటి ఉన్నదనుకుంటే, ఆ యంత్రాన్నే తన లోపల పెట్టుకొని, ‘నేను వైరస్‌నా’ అని దానిని అడిగి, అవునంటే ఏమీ చేయకుండా ఊరుకొని, కాదంటే వెంటనే ఇతర ఫైళ్లకు వ్యాపించే ఒక ప్రోగ్రామును రాయవచ్చు. అప్పుడు యంత్రం ఏ జవాబు చెప్పినా ఆ జవాబే తప్పవుతుంది. కనుక యాంటీవైరస్ ఇచ్చే ప్రతి తీర్పూ ఎంతో కొంత అంచనాయే. ఆ అంచనాను ఎంత కఠినంగా పెట్టాలన్నది మాత్రమే కంపెనీల చేతిలో ఉన్నది. గట్టిగా బిగిస్తే తప్పుడు హెచ్చరికలు పెరుగుతాయి, సడలిస్తే నిజమైన వైరస్‌లు జారిపోతాయి.

దీనిలో ఒక లెక్క కూడా ఇమిడి ఉన్నది. ఉదాహరణకు ఒక యాంటీవైరస్ లక్ష మంచి ఫైళ్లకు ఒక్కసారి మాత్రమే పొరబడుతుందనుకుందాం; వినడానికి అది అద్భుతమైన నైపుణ్యమే. కాని ఒక కంప్యూటరులో 5 లక్షల ఫైళ్లు ఉన్నాయనుకుంటే, ఆ నైపుణ్యంతోనే అది 5 మంచి ఫైళ్లను దొంగలుగా చూపిస్తుంది. జాగ్రత్తగా వాడే కంప్యూటరులో నిజమైన వైరస్ ఒక్కటి కూడా లేకపోవచ్చు కనుక, అక్కడ వచ్చిన హెచ్చరికలన్నీ తప్పుడువే అవుతాయి. అదే యాంటీవైరస్‌ను ఎక్కడ పడితే అక్కడినుంచి దొంగ సాఫ్ట్‌వేర్ దించుకొనే కంప్యూటరులో పెడితే, దాని హెచ్చరికలలో అధిక భాగం నిజమవుతాయి. అంటే ఒక హెచ్చరికను ఎంతవరకు నమ్మాలన్నది యాంటీవైరస్ నాణ్యత మీద ఎంత ఆధారపడి ఉంటుందో, ఆ ఫైలు ఎక్కడినుంచి వచ్చిందన్న దాని మీద కూడా అంతే ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి ముందుముందు అక్కరకు వస్తుంది.

మొదటి రకపు తొందరపాటుకు, అంటే అనుమానించిన వెంటనే శిక్షించడానికి, 2010 ఏప్రిల్ 21న జరిగినది చెప్పుకోదగిన ఉదాహరణ. ఆ రోజు మెకాఫీ సంస్థ తన వినియోగదారులకు 5958 అనే సంఖ్య గల అప్‌డేట్‌ను పంపింది. వైరస్ ముద్రల జాబితాకు చేసే ఇటువంటి చేర్పులు యాంటీవైరస్ లోకంలో రోజూ జరిగే పనే. ఆ జాబితాలో వెకార్ల్ అనే వైరస్ కోసం చేర్చిన ముద్ర, విండోస్ ఎక్స్‌పీ మూడవ సర్వీస్ ప్యాక్‌లోని ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైలుతో కలిసిపోయింది. విండోస్‌లో నెట్‌వర్క్‌తో మొదలుకొని ఎన్నో సేవలను తన భుజాల మీద మోసేది ఈ ఫైలే. దానిని యాంటీవైరస్ పట్టి బంధించడంతో కొన్ని కంప్యూటర్లు ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతూ గిరగిర తిరిగాయి. కొన్నింటికి నెట్‌వర్క్ పూర్తిగా తెగిపోయింది. అమెరికాలో ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు, పోలీసు కార్యాలయాలు దీనివల్ల ఇబ్బంది పడ్డాయి. ఇక్కడ గమనించవలసిన చిక్కు ఒకటి ఉన్నది. తప్పును సరిచేసే కొత్త అప్‌డేట్‌ను కంపెనీ ఆ రోజే విడుదల చేసింది, కాని నెట్‌వర్క్ తెగిన కంప్యూటరుకు అది చేరేది ఎలా? సాంకేతిక సిబ్బంది ఒక్కొక్క యంత్రం దగ్గరికి నడిచి వెళ్లి, చేత్తో ఆ ఫైలును తిరిగి దాని స్థానంలో పెట్టి, ఒక్కొక్కదానినే లేపవలసి వచ్చింది. వందలాది కంప్యూటర్లున్న సంస్థలో అది ఎన్ని గంటల పనో ఊహించుకోవచ్చు.

ఇది మొదటిదీ కాదు, చివరిదీ కాదు. 2007 మే నెలలో సైమాంటెక్ యాంటీవైరస్ చైనీస్ భాషలోని విండోస్ ఎక్స్‌పీకి చెందిన రెండు ముఖ్యమైన ఫైళ్లను తీసివేయగా చైనాలో కంప్యూటర్లు తిరిగి మొదలుకాలేదు. 2008 నవంబరులో ఏవీజీ యాంటీవైరస్ కూడా యూజర్32 అనే విండోస్ ఫైలును బ్యాంకు వివరాలు దొంగిలించే ట్రోజన్‌గా పొరబడింది. ట్రోజన్ అంటే మంచి ప్రోగ్రాము వేషంలో లోపలికి వచ్చే హానికర ప్రోగ్రాము. 2011 సెప్టెంబరు 30న మైక్రోసాఫ్ట్ వారి యాంటీవైరస్ గూగుల్ క్రోమ్ బ్రౌజరును పాస్‌వర్డ్ దొంగగా గుర్తించి కొందరి కంప్యూటర్ల నుంచి తొలగించింది. 2022 సెప్టెంబరు 4న మైక్రోసాఫ్ట్ డిఫెండర్ క్రోమ్ మొదలుకొని అదే పునాది మీద కట్టిన ఎన్నో ప్రోగ్రాములను తెరిచిన ప్రతిసారీ హెచ్చరికలు గుప్పించింది. వీటన్నింటిలోనూ ఎక్కువ పాఠం నేర్పేది 2012 సెప్టెంబరు 19 నాటి సోఫోస్ ఉదంతం. ఆనాడు ఆ యాంటీవైరస్ తన సొంత అప్‌డేట్ భాగాన్నే వైరస్‌గా గుర్తించింది. అనుమానిత ఫైలును తెరవనివ్వకుండా ఆపమని మాత్రమే అమర్చుకున్నవారు తేలికగా బయటపడ్డారు. వెంటనే చెరిపివేయమని అమర్చుకున్నవారికి మాత్రం సరిచేసే అప్‌డేట్‌ను అందుకోవలసిన భాగమే లేకుండా పోయింది.

పెద్ద కంపెనీల ఫైళ్ల విషయంలో జరిగే పొరపాటు గంటల్లో ప్రపంచానికంతటికీ తెలుస్తుంది, గంటల్లో సరి అవుతుంది. చిన్నవారి సంగతి అలా కాదు. ఉచితంగా ఇచ్చే చిన్న ఉపకరణాలు రాసేవారు, ఊరిలోని రెండు మూడు దుకాణాలకు బిల్లుల ప్రోగ్రాము రాసి ఇచ్చేవారు, పైథాన్‌లో రాసిన పనిని పైఇన్‌స్టాలర్ వంటి సాధనంతో ఒకే ఫైలుగా మార్చి పంచేవారు, ఆటోహాట్‌కీ వంటి భాషలో కీబోర్డు పనులను సులభం చేసేవారు ఈ బాధను తరచుగా అనుభవిస్తారు. వైరస్‌లు రాసేవారు కూడా ఇవే సాధనాలను వాడడం, ఆ సాధనం తగిలించే ముందుభాగం అన్ని ఫైళ్లలోనూ ఒకటే కావడం వల్ల, లోపలి సరుకు వేరైనా పైసంచి ఒకటే అన్న కారణంతో యంత్రం అనుమానిస్తుంది. ఫైలు పరిమాణం తగ్గించడానికి యూపీఎక్స్ వంటి సాధనంతో కుదించిన ప్రోగ్రాములదీ ఇదే గతి. కుదింపు వల్ల లోపల ఏమున్నదో బయటికి కనబడదు, కనబడనిదాని మీద అనుమానం రావడం సహజం. దూరం నుంచి కంప్యూటరును నడిపే ప్రోగ్రాములు, మరచిపోయిన పాస్‌వర్డును చూపించే ఉపకరణాలు చేసే పనే దొంగలకూ పనికివస్తుంది కనుక వాటిని చాలా యాంటీవైరస్‌లు అనుమానిత వర్గంలోనే ఉంచుతాయి.

తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. డీటీపీ కేంద్రాలలో యూనికోడ్ కాని ఫాంట్లతో తెలుగు టైపు చేయడానికి వాడే ప్రోగ్రాములు, ఏ కీ నొక్కినా అది పేజ్‌మేకరుకో ఫోటోషాపుకో చేరకముందే మధ్యలో అందుకొని, దానిని తెలుగు అక్షరంగా మార్చి ముందుకు పంపుతాయి. కీలాగర్ అనే దొంగ ప్రోగ్రాము చేసే మొదటి పని కూడా అచ్చంగా ఇదే, అంటే నొక్కిన ప్రతి కీనీ మధ్యలో అందుకోవడం. తేడా అల్లా అది ఆ అక్షరాలను మార్చడానికి బదులు దాచిపెట్టి బయటికి చేరవేస్తుంది. ప్రవర్తనను మాత్రమే చూసే యంత్రానికి ఈ రెండింటి మధ్య గీత సన్ననిది. అయితే ఇటువంటి ప్రోగ్రాముల క్రాక్ చేసిన కాపీలు చేతులు మారుతూ తిరగడం, వాటితో పాటు ‘ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపివేయండి’ అన్న సలహా కూడా తిరగడం పరిస్థితిని పూర్తిగా మార్చివేస్తుంది. అసలు ప్రోగ్రాము మీద వచ్చిన హెచ్చరిక తప్పుడుది కావచ్చు, కాని తాళం పగలగొట్టి ఎవరో పంచిన కాపీ మీద వచ్చిన హెచ్చరికను తప్పుడుదని చెప్పగలవారు ఎవరూ లేరు, ఎందుకంటే తాళం పగలగొట్టినవాడు లోపల ఇంకేమి పెట్టాడో అతనికి తప్ప మరెవరికీ తెలియదు.

రెండవ రకపు తొందరపాటుకు, అంటే నమ్మకం మీద హెచ్చరికను కొట్టివేయడానికి, 2023 మార్చి నాటి 3సీఎక్స్ ఉదంతాన్ని మించిన ఉదాహరణ లేదు. 3సీఎక్స్ అనేది కార్యాలయాలలో ఫోను సంభాషణలను ఇంటర్నెట్ మీదుగా నడిపే ప్రోగ్రాము. తనకు 6 లక్షల సంస్థలు ఖాతాదారులుగా ఉన్నాయని ఆ కంపెనీ చెప్పుకొనేది. మార్చి 22 ప్రాంతంలో ఆ ప్రోగ్రాము కొత్త అప్‌డేట్‌ను కొన్ని భద్రతా సాఫ్ట్‌వేర్లు హానికరమైనదిగా అడ్డుకోవడం మొదలుపెట్టాయి. అది ఆ కంపెనీ నుంచే నేరుగా వచ్చిన అప్‌డేట్, దాని మీద, ఆ ఫైలు తమదేనని తెలిపే ఆ కంపెనీ డిజిటల్ సంతకం కూడా ఉన్నది. అందువల్ల చాలామంది వాడుకరులు ఇది తప్పుడు హెచ్చరికేనని భావించారు. కొందరు ఆ ప్రోగ్రామును పట్టించుకోవద్దని తమ యాంటీవైరస్‌కు చెప్పుకున్నారు కూడా. వారం తిరిగేసరికి, మార్చి 29న, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ అది నిజమైన దాడి అని బయటపెట్టింది. దాడి చేసినవారు కంపెనీ లోపలికే చొరబడి, ప్రోగ్రాము తయారయ్యే చోటనే అందులో విషం కలిపారు. దర్యాప్తు చేసినవారు ఉత్తర కొరియాకు చెందిన ముఠాల వైపు వేలు చూపించారు.

ఆ దాడి పనితీరులోని రెండు వివరాలు దగ్గరగా చూడదగినవి. చొరబడిన భాగం ఇన్‌స్టాల్ అయిన వెంటనే పని మొదలుపెట్టకుండా కనీసం 7 రోజులు నిద్రపోయినట్టు ఉండి, ఆ తరువాతనే తన యజమానులను సంప్రదించేది. ‘ఇన్‌స్టాల్ చేశాను, ఏమీ కాలేదు, కనుక మంచిదే’ అనుకొనే వాడుకరి పరీక్ష దాని ముందు చెల్లదు. ఇక రెండవది, డీ3డీకంపైలర్ అనే మైక్రోసాఫ్ట్ సంతకం గల ఫైలు చివర దాడిదారులు తమ రహస్య సమాచారాన్ని అతికించారు, అయినా విండోస్ ఆ సంతకాన్ని చెల్లుబాటయ్యేదిగానే చూపించింది. సంతకం ఉన్న ఫైలుకు చివర ఇలా తోక తగిలించే వీలు ఉన్నదని 2013లోనే బయటపడగా, మైక్రోసాఫ్ట్ దానికి విరుగుడును విడుదల చేసింది గాని, పాత ప్రోగ్రాములు ఇబ్బంది పడతాయన్న ఆలోచనతో దానిని కోరుకున్నవారు మాత్రమే అమర్చుకొనేలా వదిలివేసింది. 3సీఎక్స్ ఉదంతానికి ఆరేళ్ల ముందు, 2017లో, కోట్లాది మంది వాడే సీక్లీనర్ ప్రోగ్రాము 5.33 సంచికలో కూడా ఇలాగే సంతకం చెక్కుచెదరకుండా హానికర భాగం చేరి, 20 లక్షలకు పైగా కంప్యూటర్లకు వెళ్లింది. కాబట్టి ప్రోగ్రాము మంచిదా కాదా అన్న ప్రశ్నకు దాని పేరు జవాబు కాదు. హెచ్చరిక వచ్చినది ఈ రోజు ఈ కంప్యూటరులో ఉన్న ఈ ఫైలు గురించి. నిన్నటి సంచికకు ఉన్న మంచి పేరును నేటి సంచికకు అంటగట్టడం సరైన తర్కం కాదు.

ఇక ఆచరణ విషయానికి వస్తే, హెచ్చరిక కనబడిన క్షణాన చేయవలసిన మొదటి పని ఏ పనీ తొందరగా చేయకపోవడమే. అనుమానిత ఫైలును యాంటీవైరస్ సాధారణంగా క్వారంటైన్‌లో పెడుతుంది, అంటే చెరిపివేయకుండా, నడవడానికి వీలులేని రూపంలో బంధించి ఉంచుతుంది. అక్కడ అది ఎవరికీ హాని చేయదు, కావాలంటే తరువాత విడిపించుకోవచ్చు. చెరిపివేస్తే ఆ అవకాశం పోతుంది కనుక అమరికలలో చెరిపివేత కన్నా క్వారంటైన్‌నే ఎంచుకోవడం మేలు. విండోస్‌తో వచ్చే డిఫెండరులో విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ లోపల ప్రొటెక్షన్ హిస్టరీలోకి వెళ్తే ఏ ఫైలును, ఏ పేరుతో, ఏ ఫోల్డరులో పట్టుకున్నదో కనబడుతుంది. ఫోల్డరు చిరునామాను చదవడం ముఖ్యం, ఎందుకంటే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉండవలసిన ఫైలు టెంప్ ఫోల్డరులో కనబడిందంటే అది పేరు మాత్రమే అరువు తెచ్చుకున్న మరొక ఫైలు అయి ఉండవచ్చు.

వైరస్ పేరు కూడా చదవదగినదే. పేరులో జెన్, హ్యూర్, జెనరిక్ వంటి ముక్కలు ఉంటే అది నిర్దిష్టమైన వైరస్ ముద్ర కలవడం వల్ల కాక, పోలికల వల్ల వచ్చిన అనుమానమని గ్రహించవచ్చు. డిఫెండరు ఇచ్చే పేర్ల చివర ఎంఎల్ అన్న అక్షరాలు ఉంటే అది మెషీన్ లెర్నింగ్ అంచనా. పీయూఏ అని ఉంటే, అది వైరస్ అని కాదు, వాడుకరి కోరుకోకపోవచ్చునని యాంటీవైరస్ భావించే ప్రోగ్రాము అని అర్థం. ఇవేవీ హెచ్చరిక తప్పుడుదని రుజువు చేయవు, కాని ఇంకొంత విచారణ అవసరమని చెబుతాయి. అటు తరువాత యాంటీవైరస్‌ను అప్‌డేట్ చేసి మళ్లీ పరీక్షించాలి. పైన చెప్పిన ఉదంతాలలో చాలావాటికి విరుగుడు మరుసటి అప్‌డేట్‌లోనే వచ్చింది, అందుకే ఒక రోజు ఆగడం చాలాసార్లు సమస్యను దానంతటదే తీర్చివేస్తుంది.

అయినా హెచ్చరిక పోకపోతే ఫైలు పుట్టుపూర్వోత్తరాలు చూడాలి. అది తయారుచేసినవారి అసలు వెబ్‌సైటు నుంచి దిగినదా, లేక మధ్యవర్తి సైటు నుంచి వచ్చినదా అన్నది మొదటి ప్రశ్న. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే, సంతకం ఉన్న ఫైళ్లకు డిజిటల్ సిగ్నేచర్స్ అనే భాగం కనబడుతుంది; అక్కడ ఉండవలసిన కంపెనీ పేరు లేకపోయినా, సంతకం చెల్లదని ఉన్నా ఆ ఫైలును వదిలివేయడమే మంచిది. సంతకం సరిగా ఉంటే నమ్మకం పెరుగుతుంది గాని, 3సీఎక్స్ చూపినట్టు, విచారణ అంతటితో ముగియదు. చాలామంది రచయితలు తమ ఫైలుతో పాటు ఎస్‌హెచ్‌ఏ-256 అనే 64 అక్షరాల సంఖ్యను ప్రకటిస్తారు. ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకొని తయారయ్యే ఈ సంఖ్య, లోపల ఒక్క అక్షరం మారినా పూర్తిగా మారిపోతుంది. పవర్‌షెల్‌లోని గెట్-ఫైల్‌హ్యాష్ ఆదేశంతో ఆ సంఖ్యను ఇంట్లోనే రాబట్టి, ప్రకటించినదానితో పోల్చుకోవచ్చు.

వైరస్‌టోటల్ అనే ఉచిత సేవ ఈ దశలో ఎంతో ఉపకరిస్తుంది. 2004లో స్పెయిన్‌లో పుట్టి, 2012లో గూగుల్ చేతికి వచ్చిన ఈ సేవ, ఇచ్చిన ఫైలును దాదాపు 70 యాంటీవైరస్ యంత్రాలతో పరీక్షించి ఫలితం చూపిస్తుంది. 70లో ఒకటో రెండో, అవి కూడా జెనరిక్ పేర్లతో అనుమానిస్తే తప్పుడు హెచ్చరిక కావడానికి అవకాశం ఎక్కువ; పేరున్న యాంటీవైరస్‌లు పది పదిహేను ఒకే కుటుంబం పేరు చెబితే ఆ ఫైలు జోలికి పోకూడదు. కాని ఈ సంఖ్యను ఓట్ల లెక్కగా చూడడం తప్పు. కాస్పర్‌స్కీ సంస్థ ఒకసారి 20 నిరపాయకరమైన ఫైళ్లను తయారుచేసి, వాటిలో పదింటిని మాత్రం తమ యాంటీవైరస్ కావాలనే వైరస్‌లుగా చూపించేలా అమర్చి, వాటిని వైరస్‌టోటల్‌కు పంపింది. పది రోజులు తిరిగేసరికి ఏ దోషమూ లేని ఆ పదింటిని గరిష్ఠంగా మరో 14 యాంటీవైరస్‌లు కూడా వైరస్‌లుగా పేర్కొన్నాయి. 2010లో ఆ సంస్థ ఈ ఫలితాన్ని వెల్లడించినప్పుడు, ఒకరి తీర్పును చూసి మరొకరు తీర్పు రాస్తున్నారన్న సంగతి లోకానికి తెలిసింది. మరొక జాగ్రత్త కూడా అవసరం. వైరస్‌టోటల్‌కు ఎక్కించిన ఫైలు భద్రతా పరిశోధకులకు అందుబాటులోకి వెళ్తుంది కనుక, ఇంటి పత్రాలను, కార్యాలయపు ఖాతాలను అక్కడికి పంపకూడదు. వాటికి ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్యను మాత్రమే ఇచ్చి వెతికితే సరిపోతుంది.

ఫైలు మంచిదేనని నమ్మకం కుదిరిన తరువాత చాలామంది మరచిపోయే పని, పొరబడిన యాంటీవైరస్ కంపెనీకి ఆ సంగతి తెలియజేయడం. మైక్రోసాఫ్ట్‌తో మొదలుకొని పుణెలోని క్విక్ హీల్, చెన్నైలోని కే7 వంటి మన దేశపు సంస్థల వరకు అనుమానిత ఫైళ్లను స్వీకరించి పరిశీలించే ఏర్పాటు ఉన్నది. ఒక్కరు ఫైలును పంపి సరిచేయిస్తే అదే ప్రోగ్రామును వాడే వేలమందికి ఆ బాధ తప్పుతుంది. ముఖ్యంగా, అడిగి సాధించుకొనే బలం లేని చిన్న రచయితకు అది నిజమైన సహాయం. అతని ప్రోగ్రామును ఉచితంగా వాడుకొనేవారు చేయగల కనీస ప్రత్యుపకారం కూడా అదే.

కంపెనీ నుంచి జవాబు వచ్చేలోగా పని ఆగకూడదనుకుంటే ఎక్స్‌క్లూజన్, అంటే మినహాయింపు, ఇవ్వవచ్చు. అంటే ఫలానా ఫైలును పరీక్షించవద్దని యాంటీవైరస్‌కు చెప్పడం. ఈ మినహాయింపును ఎంత ఇరుకుగా ఇస్తే అంత మంచిది. ఒక్క ఫైలుకు ఇవ్వవలసిన మినహాయింపును మొత్తం ఫోల్డరుకు, అంతకు మించి డౌన్‌లోడ్స్ ఫోల్డరుకో సీ డ్రైవుకో ఇచ్చేవారు ఉన్నారు. అది వీధి తలుపు తాళం ఒక అతిథి కోసం పగలగొట్టడం వంటిది, ఎందుకంటే ఆ తరువాత ఆ ఫోల్డరులోకి ఏది వచ్చి కూర్చున్నా కాపలాదారు అటు చూడడు. హానికర ప్రోగ్రాములకు ఈ రహస్యం బాగా తెలుసు, అందుకే వాటిలో కొన్ని లోపలికి రాగానే తమ ఫోల్డరును తామే మినహాయింపుల జాబితాలో చేర్చుకుంటాయి. దీనికి తలకిందుల పద్ధతి కూడా ఒకటి ఉన్నది: చెడ్డవాటి జాబితా పెట్టుకొని అడ్డుకోవడానికి బదులు, మంచివని ముందే ఎంచిన ప్రోగ్రాములను మాత్రమే నడవనివ్వడం. హైదరాబాదులోని సీ-డాక్ సంస్థ రూపొందించగా, కేంద్ర ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచితంగా అందించిన యాప్‌సంవిద్ ఈ కోవకు చెందినదే. ఎప్పుడూ అవే నాలుగైదు ప్రోగ్రాములు నడిచే కార్యాలయపు కంప్యూటరుకు ఈ పద్ధతి చక్కగా అమరుతుంది. రోజూ కొత్తవి ప్రయత్నించే విద్యార్థికి మాత్రం అడుగడుగునా అడ్డు తగులుతుంది.

తప్పుడు హెచ్చరికల వల్ల కలిగే అసలు నష్టం ఇప్పుడు కంప్యూటరును దాటి ఫోనులోకి వచ్చింది. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతోనో, ఆర్టీవో చలానా పేరుతోనో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే ప్లే స్టోరు బయటినుంచి ఇన్‌స్టాల్ చేసే ఆండ్రాయిడ్ యాప్‌లు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా దేశమంతటా ఎందరి బ్యాంకు ఖాతాలనో ఖాళీ చేస్తున్నాయి. ఫోనులో యాప్‌లను పరీక్షించే ప్లే ప్రొటెక్ట్ అడ్డుపడినప్పుడు, ‘అది అన్నింటికీ అలాగే చూపిస్తుంది, పట్టించుకోకండి’ అన్న మాటే మోసగాడికి ఆయుధమవుతుంది; ఆ మాట నమ్మదగినదిగా వినిపించడానికి కారణం, లోగడ నిజంగానే కొన్ని హెచ్చరికలు తప్పుడువి కావడం. పరిచయం లేని మనిషి పంపిన ఫైలు మీద వచ్చిన హెచ్చరిక విషయంలో పైన చెప్పిన విచారణలేవీ అక్కరలేదు, దానిని నిజమనే భావించి ఫైలును వదిలివేయాలి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదులు స్వీకరించే 1930 నంబరుకు ఫోను చేయాలి.

ఇక పాఠకులు ఈ రోజే చేయదగిన పని ఒకటి ఉన్నది. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ కింద మేనేజ్ సెట్టింగ్స్ తెరిచి, అట్టడుగున ఉండే ఎక్స్‌క్లూజన్స్ జాబితాను చూడండి. ఎప్పుడు చేర్చారో, ఎందుకు చేర్చారో గుర్తుకురాని పేరు అందులో ఏది కనబడినా దానిని తీసివేసి, ఆ ఫోల్డరును ఒకసారి పూర్తిగా స్కాన్ చేయండి.